బాస్మతి పేటెంటు మీద బియ్యప్పిండి ముగ్గు

పంటల పేటెంట్ల మీద వేసే బొమ్మల్లో సంకెళ్ల రైతునీ డాలరు గుర్తునీ చూసీ చూసీ విసుగొచ్చింది. బాస్మతి సంగతిలో అంతకంటే గట్టి సరుకు పేటెంటు పత్రంలోనే ఉంది, దాంతో ముగ్గే వేయొచ్చు.

1997లో అమెరికాలో రైస్‌టెక్ కంపెనీకి దక్కిన పేటెంటులో 20 క్లెయిములు, అంటే ఇది మాదేనని హక్కు కోరే అంశాలు. 15వది గింజ మీదే. సువాసన, పిండిపదార్థం లెక్కలతో పాటు పొడవు 6.2 నుంచి 8 మి.మీ., వెడల్పు 1.6 నుంచి 1.9 ఉండాలి, ఉడికితే పొడవు 75 నుంచి 150 శాతం పెరగాలి. 1933లో విడుదలైన మన పాత బాస్మతి 370 గింజ సుమారు 7 మి.మీ., ఆ కొలతల్లోదే! 15, 16, 17 మీద 2000లో భారత్ అభ్యంతరం పెట్టింది. 2001లో వాటితో కలిపి 15 క్లెయిములు రద్దయ్యాయి. 8, 9, 11, 12, 13 మిగిలాయి. పేటెంటు పేరులోంచి బాస్మతి పోయింది.

ముగ్గుకి రెండడుగుల చదరపు కడప బండ చాలు. తుడిచి బాగా ఆరనివ్వండి, చెమ్మ ఉంటే పిండి అతుక్కుపోతుంది. సుద్దతో 10 సెం.మీ. గళ్లు గీయండి, క్లెయిముకో గడి చొప్పున అడ్డంగా 5, నిలువుగా 4, మధ్య 2 సెం.మీ. ఎడం. మూలన క్లెయిము నంబరు. గడికి 20 వరసలు, వరసకి 10 గింజలు. మొత్తం 4000 గింజలు వంద గ్రాములు కూడా తూగవు, కానీ నూకలు పోతాయి కాబట్టి పావుకిలో బాస్మతి తీసుకోండి. బాస్మతిలో 1121 రకం వద్దు, దాని గింజ ఉడక్కముందే 8 మి.మీ. దాటేస్తుంది. గింజ పొడవుని డిజిటల్ కాలిపర్‌తో (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) కొలిచేటప్పుడు నొక్కితే గింజ పుటుక్కున విరుగుతుంది, తాకితే చాలు.

రద్దు కాకుండా మిగిలిన అయిదు క్లెయిముల గళ్ల మీద అట్టముక్కలు కప్పి, తక్కిన వాటిమీద టీ జల్లెడతో పొడి బియ్యప్పిండి పలచగా రాల్చండి. తడిపిండి ఉండలు కడుతుంది. తర్వాత సన్న పట్టకారుతో గింజల్ని నిట్టనిలువునా ఎత్తేయాలి. పక్కకి లాగారంటే అచ్చు చెరిగిపోతుంది. ఫ్యాను మాత్రం ఆపండి! తెల్లటి పిండిలో మూడువేల నల్లటి గింజల ఖాళీలు మిగులుతాయి. అట్టలు తీస్తే అయిదు గళ్లలో గింజలు.

చీమలొస్తే ముగ్గుకి తప్పులేదు గానీ ఇక్కడ అచ్చులు పాడవుతాయి. బల్ల మీద పెట్టి కాళ్ల కింద నీళ్ల పళ్లేలు ఉంచండి.

15వ గడిలో ఒక్క ఉడికిన మెతుకు పెట్టండి. 7 మి.మీ. గింజ కనీసం 12.25 కావాలి. సాయంత్రానికి ఎండి వంకరపోతుంది, రోజూ మార్చాల్సిందే.