అదే మేకుకు తిరిగి తగిలించే వరకు

బరోడాలో మ్యూజియాలజీ (మ్యూజియంల నిర్వహణ శాస్త్రం) చదువుతున్నప్పుడు క్యూరేటర్ అంటే ఏ చిత్రం పక్కన ఏ చిత్రం ఉండాలో నిర్ణయించే మనిషి అనుకునేదాన్ని. ఉద్యోగంలో చేరాక, కాగితం మీద వేసిన చిత్రాల ప్రదర్శనకు ఇళ్ల నుంచి చిత్రాలు అరువు తెచ్చే బాధ్యత నా మీద పడింది. అసలు పని అప్పుడు తెలిసింది.

జాబితాలో చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్ ఒకటి ఉంది. లోహపు పలక మీద ఆమ్లంతో గీతలు తొలిచి, కాగితం మీద అచ్చు తీసే చిత్రాన్ని ఎచింగ్ అంటారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన కూడా బరోడాలోనే చదివారు. అందుకే ఆ చిత్రం మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. అది ఒక పెద్దావిడ ఇంట్లో, హాలు గోడ మీద ఉంది. "తీసుకెళ్లమ్మా, కానీ తిరిగి నా గోడకే రావాలి" అన్నారు. బీమా కూడా సరిగ్గా అలాగే ఉంటుంది: మేకు నుంచి దించిన క్షణం మొదలు మళ్లీ మేకుకు తగిలించే వరకు. చిత్రానికి విలువ కట్టించడానికే మూడు వారాలు పట్టింది.

దించగానే దాని స్థితి రాసుకోవాలి. టార్చిని కాగితానికి పక్కగా, బాగా కిందికి పట్టుకుంటే ఎదురుగా చూసినప్పుడు కనిపించని ముడతలు నీడలై తేలతాయి. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి దిగిన గీత ఒకటి కనిపించింది. "అది దెబ్బ కాదు, ప్రెస్సులో లోహపు పలక వదిలిన ముద్ర" అని మా సీనియర్ వేలితో తాకకుండా చూపించారు. పలకతో అచ్చు తీసిన చిత్రం అనడానికి ఆ ముద్ర ఒక సాక్ష్యం.

మ్యూజియానికి వచ్చిన పెట్టెను 24 గంటలు తెరవలేదు. చెక్క, కాగితం ఆ గది గాలికి అలవాటు పడాలి. తెరిచాక ఫ్రేము అంచున చిన్న గోధుమరంగు మచ్చ కనిపించింది. నేను రాసుకున్న దాంట్లో అది లేదు. గుండె జారిపోయింది. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాను. ఏనాడో వానాకాలంలో గోడకు చెమ్మ పట్టినప్పుడు వచ్చిన మచ్చ అదని చెప్పారు. ఆ మాటే కాగితం మీద రాయించుకున్నాను. అప్పటి నుంచి యజమాని ఒప్పుకుంటే ఫ్రేము విప్పించి చూస్తున్నాను.

ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వలేదు. మసకగా ఉందని చాలామంది విసుక్కున్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. చెమ్మ తగిలిన కాగితానికి ఎంతో కొంత చికిత్స ఉంది. వెలుతురుకు వెలిసిపోయిన నీటిరంగును వెనక్కి తెచ్చే విద్య ఎవరి దగ్గరా లేదు.

చిత్రాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్లిన రోజు, హాలు గోడ మీద చిత్రమంత మేర సున్నం కొత్తగా ఉంది. మిగతా గోడంతా వెలిసింది. ఎదురుగా కిటికీ, దాని నిండా పొద్దుటి ఎండ. ఆవిడకు ఆ తేడా చూపించాను. చాలాసేపు గోడను చూశారు. తర్వాత పనివాణ్ని పిలిచి, పూజగది పక్కన ఎండ పడని గోడకు కొత్త మేకు కొట్టించారు. అక్కడ తగిలించాకే ఇద్దరం సంతకాలు చేశాం.