స్టెప్నీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి

టైరు పంచరైతే బండిని అక్కడికక్కడే ఆపేయకండి, నెమ్మదిగా పోనిచ్చి గట్టి నేల, ఏటవాలు లేని చోటు చూసుకుని ఆపండి, రిమ్ము కాస్త దెబ్బతిన్నా మనిషికంటే ఎక్కువేం కాదు. హజార్డ్ లైట్లు, హ్యాండ్‌బ్రేకు, ఫస్ట్ గేరు (ఆటోమేటిక్ అయితే పి). అందరినీ దింపేయండి. మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద రాయి పెట్టండి.

చాలామంది తడబడేది నట్ల దగ్గరే. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే ఒక్కో నట్టూ కొంచెం వదులు చేయాలి, లేదంటే గాల్లో చక్రం తిరిగిపోతుంది, బలంగా లాగితే బండి జాకీ మీంచి జారిపోవచ్చు కూడా. జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ పెడితే రేకు సొట్టపోతుంది. బండి కిందికి మాత్రం చెయ్యి కూడా పెట్టొద్దు.

స్టెప్నీ ఎక్కించాక నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మళ్లీ గట్టిగా బిగించండి. సన్న స్టెప్నీ అయితే మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, ఆ అంకె దానిమీదే రాసి ఉంటుంది. దానికి గాలి కూడా ఎక్కువే కావాలి, చాలావాటికి 60 పీఎస్‌ఐ. డిక్కీలో పడి ఉన్నదాన్ని ఎవరూ చూడరు కాబట్టి, ఈసారి గాలి పట్టించేటప్పుడు దాన్నీ బయటికి తీయండి.