స్పీకరు పెట్టెల్లో సరిహద్దు దాటినవాళ్ళు

నా పక్కన పనిచేసే పెద్దాయన ఉయికా సుద్దముక్కతో ఫ్యాక్టరీ నేలమీద ఒక పెట్టె అడుగు గీశారు. టేపుతో కొలిచి మరీ గీశారు. ఒక వైపు 77 సెంటీమీటర్లు, ఇంకో వైపు 36. "ఎత్తు 75. మార్షల్ స్పీకరు పెట్టె మామూలుగా ఇంతే ఉంటుంది. కూర్చో" అన్నారు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. పాదాలు గీత దాటాయి. పక్కకు తిరిగి, కాళ్ళు ఇంకా మడిచి, తల మోకాళ్ళ మధ్యకు దూర్చుకుంటే ఎలాగో పట్టాను. "ఇప్పుడు నీ చుట్టూ చెక్క ఉందనుకో. ముందు ఒక గుడ్డ తెర. దాని అవతల తుపాకి పట్టుకున్న సైనికుడు" అన్నారు. నిమిషం తిరగకముందే నా కుడికాలు తిమ్మిరెక్కింది.

అది 2024 ఆగస్టు, సోమవారం. అంతకు మూడు రోజుల ముందు, 2వ తేదీన, ఫీనిక్స్ అనే రుమేనియా రాక్ బ్యాండును నడిపిన నికు కోవాచ్ 77 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ ఉదయం మా లైనులో మాట్లాడినవాళ్ళందరూ ఆయన గురించే మాట్లాడారు. విరామంలో ఒకావిడ ఫోనులో పాట పెడితే, కనెక్టర్లు బిగించే ఆడవాళ్ళు నలుగురు పని బల్లలమీద వేళ్ళతో తాళం వేస్తూ చివరిదాకా పాడారు. వాళ్ళలో ఇద్దరు ఆ పాట వచ్చినప్పటికి పుట్టి కూడా ఉండరు.

రుమేనియా పడమటి అంచున బనాత్ అనే ప్రాంతం ఉంది. దాని ముఖ్య పట్టణం తిమిష్వారా. అక్కడ కార్లలో పరిచే తీగల కట్టలు తయారుచేసే పని నాది. పొడవాటి బోర్డు లైనుమీద మెల్లగా కదిలివస్తుంది. దానికి గుచ్చిన కొక్కేల మధ్య తీగలు పరచాలి, గుత్తులుగా పట్టి నల్ల టేపు చుట్టాలి. ఏ రంగు తీగ ఎటు మలుపు తిరగాలో కళ్ళకంటే ముందు వేళ్ళకు తెలియాలి. అది నాకు నేర్పినది నా పక్కన నిలబడే ఈ పెద్దాయనే. బనాత్‌లో వయసులో పెద్దవారిని గౌరవంగా ఉయికా అని పిలుస్తారు. మన బాబాయి, పెదనాన్న లాంటి పిలుపు. ఆయన నన్ను బయెతె అంటారు, అంటే అబ్బాయీ అని. ఆయన పుట్టింది 1962లో. ఫీనిక్స్ బ్యాండు పుట్టింది కూడా ఆ ఏడాదే, ఈ ఊళ్ళోనే.

పదిహేనేళ్ళ కోవాచ్, బేలా కమోచా, ఇంకొందరు కుర్రాళ్ళు కలిసి మొదలుపెట్టిన గుంపు అది. మొదట పెట్టుకున్న పేరు స్ఫింత్సీ, అంటే పుణ్యపురుషులు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ పేరును ఎలా సాగనిస్తుంది? కాలి బూడిదై మళ్ళీ లేచే పక్షి పేరు పెట్టుకున్నారు. బ్యాండులో వాయించినవాళ్ళ పేర్లు చూడండి: కోవాచ్, కమోచా, కప్ల్, రైనింగర్, లిపన్, బనిచ్యు. రుమేనియన్లు, హంగేరియన్లు, జర్మన్లు ఒకే వీధిలో పెరిగే ఊరు కనుకనే ఇలాంటి గుంపు కుదిరింది. మా ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఇప్పుడు ఆ పేర్ల పక్కన మా పేర్లు, నేపాలీల పేర్లు, శ్రీలంక వాళ్ళ పేర్లు ఉన్నాయి.

మొదట్లో వీళ్ళు కూడా ఇంగ్లండు బ్యాండ్ల బాటలోనే నడిచారు. 1968లో మొదటి చిన్న రికార్డు వచ్చింది. 1971 జులైలో దేశాన్ని ఏలుతున్న చౌషెస్కు చైనా, ఉత్తర కొరియా చూసి వచ్చి, సంస్కృతి అంతా పార్టీ చెప్పినట్టే నడవాలని శాసనం లాంటి ప్రసంగం చేశాడు. పాశ్చాత్య సంగీతానికి దారి మూసుకుపోయింది. అప్పుడు ఫీనిక్స్ పల్లెల వైపు తిరిగింది. పాత ఆచారాలు, మంత్రాల వంటి పలుకులు, కాపరుల పిల్లనగ్రోవి, వీటన్నిటినీ ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చారు. 1972లో వచ్చిన తొలి పెద్ద ఆల్బమ్ పేరుకు అర్థం, మాకు పేరు పెట్టినవాళ్ళు. జానపదాన్ని కాదనడానికి పార్టీకి నోరు రాలేదు. ఆ ఒత్తిడి వల్లే వాళ్ళకు వేరు దొరికిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వేరు వాళ్ళది, వెతికిన కష్టం వాళ్ళది. దారి మూసినవాడికి అందులో వాటా ఇవ్వకూడదు.

1974 ఆల్బమ్‌లో ఆంద్రీ పోపా అనే హైదుక్ మీద ఒక పాట ఉంది. మాటలు పందొమ్మిదో శతాబ్దపు కవి వాసిలె అలెక్సాంద్రివి. హైదుక్ అంటే అడవి పట్టి, దొరలను దోచి, చివరికి బలైపోయే వీరుడు. ఉయికా ఆ కథ చెబుతుంటే నాకు పండుగ సాయన్న గుర్తుకొచ్చాడు. మాది పాలమూరు. దొరల దగ్గర దోచి పేదలకు పెట్టిన సాయన్న కథను మా ఊళ్ళో రాత్రంతా పాడేవారు, చివరికి వచ్చేసరికి ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. అది ఉయికాకు చెప్పాను. "మీకూ ఉన్నాడా!" అని నా భుజం పట్టుకున్నారు. నా దేశం గురించి ఇక్కడ అడిగేవాళ్ళు ఎండల గురించి, కారం గురించి అడుగుతారు. మా సాయన్న గురించి విన్న మొదటి మనిషి ఆయనే.

1975లో రెండు రికార్డుల పెద్ద పని వచ్చింది. కొమ్ము గుర్రం, ఫీనిక్స్ పక్షి, ఇలా పురాణ జంతువుల మీద పాటలు. షెర్బన్ ఫ్వార్త్సా, ఆంద్రేయ్ ఉజికా అనే ఇద్దరు కవులు రాశారు. కాంతాఫాబులె అని ఉండవలసిన పేరు అట్టమీద కాంతోఫాబులె అని తప్పు పడింది. ఉయికా ఇంట్లో ఉన్న ప్రతిమీద ఆ తప్పును వేలితో తడిమి చూశాను. దేశంలో రికార్డులు వేసేది ఒక్క ఎలెక్త్రెకోర్డ్ అనే ప్రభుత్వ సంస్థే. దాని గుర్తు మధ్య భాగంలో అరిగిపోయింది. "పన్నెండు మంది ఇళ్ళు తిరిగి వచ్చిన రికార్డు ఇది" అన్నారు ఉయికా.

మరుసటి ఏడు కోవాచ్ ఒక డచ్చి యువతిని పెళ్ళాడి దేశం వదిలాడు. 1977 మార్చి 4న బుకారెస్టును భూకంపం కూల్చింది. పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. సహాయ సామగ్రి తీసుకుని కోవాచ్ తిరిగి వచ్చాడు. మిత్రులతో కలిసి కచేరీలు చేశాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళను మార్షల్ స్పీకరు పెట్టెల్లో దాచి, యుగోస్లావియా మీదుగా జర్మనీ చేర్చాడు. గాయకుడు మిర్చా బనిచ్యు మాత్రం వెళ్ళలేదు.

నేను నేలమీది గీతల్లో కూర్చున్నది అందుకే. అయితే ఉయికాకు తెలియనిది ఒకటి ఉంది. ఆ పెట్టె గురించి నేను అంతకుముందు శీతకాలం నుంచే ఆలోచిస్తున్నాను.

మా గదిలో నలుగురం. అందరికంటే చిన్నవాడు మా పక్క జిల్లా కుర్రవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. మమ్మల్ని పంపిన ఏజెంటు చెప్పిన జీతం వేరు, ఇక్కడ చేతికి వచ్చింది వేరు. అప్పు మీద వడ్డీ మాత్రం చెప్పినట్టే పెరిగింది. నద్లాక్ దగ్గర హంగేరీ సరిహద్దు దాటి జర్మనీ వైపు సాగే లారీల్లో సరుకు మధ్య మనుషులను దాచి పంపేవారు ఉన్నారు. ఒక డిసెంబరు రాత్రి వాడు నా మంచం అంచున కూర్చుని, "అన్నా, ఇద్దరికీ చోటుంది. నువ్వూ రా" అన్నాడు. నేను వెళ్ళలేదు. నద్లాక్‌లో పోలీసులు లారీ తెరిచి వాడిని టైర్ల మధ్యనుంచి దింపారు. దేశం నుంచి పంపేశారు. వాడి దుప్పటి నెల రోజులు అలాగే మంచంమీద ఉండిపోయింది.

వెళ్ళనందుకు నాకు ఊరట కలగలేదు. వాడిని ఒంటరిగా పంపాననే అనిపించింది.

అందుకే బనిచ్యు గురించి ఉయికాను అడిగాను, ఆయన ఎందుకు ఉండిపోయాడని. "అందరూ వెళ్ళినవాళ్ళ కథే అడుగుతారు బయెతె" అన్నారు ఆయన, చేతిలో టేపు ఆపకుండానే. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. ఉయికా అన్నగారు ఎనభైలలో ఒక రాత్రి దేశం దాటడానికి సరిహద్దు నది దన్యూబు ఈదారు. ఆ నదిలో తుపాకి గుండ్లకు పోయినవాళ్ళు ఎందరో. ఆయన బతికి జర్మనీ చేరారు. తల్లిదండ్రులను చూసుకుంటూ ఇక్కడ మిగిలింది ఉయికా. ఇప్పుడు కూతురు ఇటలీలో ముసలివాళ్ళకు సేవ చేసే పనిలో ఉంది. ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీల్లో పనిచేయడానికే మేము వచ్చాం.

మా ఇంట్లోనూ అంతే. తాత నాగార్జునసాగర్ కట్టడానికి మట్టి మోయడానికి వెళ్ళాడు. నాన్న బొంబాయిలో భవనాలు కట్టాడు. బాబాయి ఒక్కడే ఊళ్ళో ఉన్నాడు. నాన్న పంపిన డబ్బుల గురించి ఊరంతా చెప్పుకునేవారు. నానమ్మకు పక్షవాతం వస్తే ఆరేళ్ళు ఎత్తి స్నానం చేయించిన బాబాయి గురించి ఎవరూ చెప్పుకోలేదు, నేను కూడా.

బ్యాండు కథ పెట్టెల్లో దాక్కున్న దగ్గర ముగియలేదు. జర్మనీలో గుంపు నిలవలేదు. ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. కోవాచ్ మళ్ళీ కూడగట్టి 1981లో ట్రాన్సిల్వేనియా ఫీనిక్స్ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. అదే ఏడు కవుల్లో ఉజికా కూడా జర్మనీ వెళ్ళిపోయాడు, ఫ్వార్త్సా తిమిష్వారాలోనే ఉండిపోయాడు. బనిచ్యు సొంత పేరుతో పాడుతూ వచ్చాడు. 1989 డిసెంబరులో చౌషెస్కు ప్రభుత్వం మీద తిరుగుబాటు ఇక్కడే అంటుకుంది. ఒపెరా ముందు చౌకులో నిలబడిన జనంలో ఉయికా ఉన్నారు. 1990లో ఫీనిక్స్ తిరిగి వచ్చి పాడింది. ఆ తరువాత ఎన్నో చీలికలు, కలయికలు. 2005 ఆల్బమ్ నాటికి బనిచ్యు మళ్ళీ వాళ్ళతో ఉన్నాడు, తరువాత మళ్ళీ వేరయ్యాడు. 2014లోనూ కొత్త పాటలు వచ్చాయి. 1990లో వాళ్ళను చూసినప్పుడు ఎలా ఉందని అడిగితే ఉయికా, "జుట్టు నెరిసింది, మాకూ నెరిసింది" అన్నారు.

2025 జనవరి 1 నుంచి రుమేనియా భూసరిహద్దుల్లో కూడా షెంగెన్ అమలైంది, అంటే యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే ఒప్పందం. ఇక్కడి నివాస కార్డు ఉంటే హంగేరీకి వీసా లేకుండా వెళ్ళిరావచ్చు. ఆ ఆగస్టులో ఒక ఆదివారం సెగెద్ వెళ్ళే మినీబస్సు ఎక్కాను. దారిలో సిన్నికొలావ్ మారె అనే చిన్న పట్టణం వస్తుంది. పల్లె పల్లెకూ యంత్రం మోసుకుపోయి జానపదాలు రికార్డు చేసిన బేలా బార్తోక్ 1881లో పుట్టింది అక్కడే. కాసేపటికి చెనాద్ సరిహద్దు. చెవిలో ఆంద్రీ పోపా పాట నడుస్తోంది. ఖాళీ తనిఖీ గదుల పక్కనుంచి బస్సు నెమ్మదిగా కదిలిపోయింది. ఎవరూ ఆపలేదు. నా చేతిలో కార్డు తడిసిపోయి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

హంగేరీ ఊరు సెగెద్‌లో తీసా నది గట్టుమీద కూర్చుని మొదట మా గది కుర్రవాడికి ఫోను చేశాను. హైదరాబాదులో డెలివరీ పని చేస్తున్నాడు, రోడ్డుమీద ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. తరువాత బాబాయికి చేశాను. నది చూపించాను.

"మన కృష్ణ అంత లేదు" అన్నాడు బాబాయి. "ఇంకా ముందుకు పోతావా?"

"లేదు బాబాయ్, రేపు ఆరింటికి షిఫ్టు ఉంది" అన్నాను. నానమ్మ మంచం ఇంకా అదే గదిలో ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఫోను పట్టుకుని లోపలికి నడిచి వెళ్ళి చూపించాడు.