రంగు సంగతి తర్వాత, ముందు లోతు చూడు

క్రాంక్‌బైట్లు, అంటే చిన్న చేప ఆకారంలో చేసిన గాలం ఎరలు, కొనే ప్రతివాడూ నన్ను ముందు అడిగేది రంగు గురించే. మొన్న మా చిన్నాన్న కొడుకూ అంతే. వాడు చిత్తూరు నుంచి పోయి ఇప్పుడు నార్త్ డకోటాలో, బిస్మార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, తిరుపతికి తిరిగి రాకముందు నేనున్నదీ ఆ ఊళ్లోనే. ఆఫీసులో పడవ ఉన్నాయన ఒకాయన వాలై (walleye) చేపలకు తీసుకుపోతానన్నాడట, వీడు ఆ సాయంత్రమే షాపుకు పోయి గోడ నిండా వేలాడుతున్న ఎరలన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాడు. "అన్నా, ఏ కలర్ తీసుకోమంటావు?" అని. ఏ లోతులో పోతావురా అని అడిగితే జవాబు లేదు. ఫోన్‌లో చెప్పింది సగమే ఎక్కినట్టుంది, ఇంకా ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

మా మామ ఎప్పుడూ రంగు అడగడు. రాయలచెరువు దగ్గర గట్టున కూర్చుని గాలం వేసే మనిషి, ముల్లుకు వానపాము, దారానికి బెండు, అంతే ఆయన సామాను. చేప తగల్లేదనుకోండి, ఎర మార్చడు, బెండును దారం మీద జానెడు పైకి జరుపుతాడు. ఇంకా తగల్లేదా, ఇంకో జానెడు. ముల్లు కిందికి దిగుతుంది, చేప ఉన్న మట్టానికి ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. పెద్ద రిజర్వాయర్లో ట్రోలింగ్ అంటే కూడా చేసేది ఈ పనే. కాకపోతే అక్కడ బెండు ఉండదు, పడవ నడుస్తూ ఉంటుంది, ఎర వెనకాల వంద అడుగుల దూరంలో కనపడకుండా ఈదుతూ వస్తుంది. దాని లోతు నీ కంటికి తెలియదు, లెక్కతో తెలుసుకోవాలి.

ఆ నీళ్లు ఎంతో ముందు మనసుకు పట్టాలి. మిస్సోరీ నది మీద గారిసన్ డ్యామ్ వెనకాల సకకావియా అనే రిజర్వాయర్ ఉంది, పొడవు 285 కిలోమీటర్లు, అంటే తిరుపతి నుంచి బెంగళూరు దాటేస్తాం. దాని కింద ఓయాహీ డ్యామ్ నీళ్లు బిస్మార్క్ దగ్గర మొదలై సౌత్ డకోటాలో పియర్ ఊరిదాకా పోతాయి. నిండితే ఒక్కొక్కటీ వెయ్యి టీఎంసీలకు పైనే. మన కండలేరు 68 టీఎంసీలు. ఇంత నీటిలో ఒకచోట నిలబడి గాలం వేస్తే చేప మన దగ్గరికి రావాలని దండం పెట్టుకోవడమే. అందుకే అక్కడివాళ్లు ఎరను ఈడ్చుకుంటూ మైళ్లకు మైళ్లు వెతుకుతారు. (ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 1953లో గారిసన్ దగ్గర నదికి అడ్డుకట్ట పడ్డాక మాండన్, హిదాత్స, అరికరా తెగల వాళ్ల మంచి సాగుభూములు, ఎల్బోవుడ్స్ అనే ఊరు అన్నీ మునిగిపోయాయి. సోమశిల కింద కడప జిల్లా ఊళ్లు పోయిన సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ మునిగిన చెట్ల మొద్దులే ఇప్పుడు మన ఎరలను మింగేది కూడా.)

వాలై కళ్లు పెద్దవి, తెల్లగా పాలిపోయినట్టు ఉంటాయి. కంటి లోపల వెలుతురును వెనక్కి కొట్టే పొర ఒకటి ఉంది, టార్చి వేస్తే మెరుస్తాయి. అందువల్ల తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, గాలికి అలలు లేచి నీళ్లు కలకబారినప్పుడు అది వేట బాగా చేస్తుంది, చిన్న చేపలకు సరిగ్గా కనపడని వెలుతురులో దానికి కనపడుతుంది కాబట్టి. ఎండ నెత్తికొచ్చి నీళ్లు అద్దంలా ఉంటే ఒడ్డు పక్కన వెతకడం దండగ. ఇంకో సంగతి, ఇది పైకి చూసి వేటాడుతుంది. తన తల మీదుగా పోయే ఎర కోసం లేస్తుంది గానీ పొట్ట కింద పోయేదాన్ని పట్టించుకునేది తక్కువ. పడవలో ఉండే సోనార్‌లో (నీటి కింద చేపలను తెర మీద చూపించే పరికరం) చేప 20 అడుగుల్లో కనపడితే ఎరను 17, 18 అడుగుల్లో పోనివ్వాలి. మావాడు 22లో పోనిచ్చి రోజంతా తిరిగినా, ఎర ఏ రంగులో ఉన్నా, పడవ షికారు చేసినట్టే.

ఇక ఎర లోతు ఎట్లా తెలుస్తుంది? క్రాంక్‌బైట్ మూతి దగ్గర ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది, దాన్ని లిప్ అంటారు. లాగుతుంటే నీళ్లు ఆ పలకను తోస్తాయి, ఎర తల కిందికి పెట్టి దిగుతుంది, ఆ తోపుడుకే అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు ముఖ్యం. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి 1936లో కత్తితో చెక్కి తయారుచేసిన ఎర వెనకున్న గమనిక ఇదే: చేపల గుంపులో ఒకటి వంకరగా, దెబ్బ తగిలినట్టు ఈదుతుంటే పెద్ద చేప వచ్చి దాన్నే పట్టుకుంటుంది. లిప్ పొడవుగా ఉంటే ఎక్కువ లోతు, పొట్టిగా ఉంటే తక్కువ. కానీ డబ్బా మీద రాసిన అంకెను నమ్ముకోవద్దు, ఎందుకంటే లోతును తేల్చేది ఎర ఒక్కటే కాదు. ఎంత దారం వదిలావు, ఆ దారం ఎంత మందం అన్నవి కూడా. లావు దారానికి నీళ్లలో రాపిడి ఎక్కువ, ఎరను పైకి లాగుతుంది. సన్నటి అల్లిక దారం కట్టి అదే ఎరను అంతే దూరం వదిలితే ఇంకా కిందికి పోతుంది. దారం వదిలేకొద్దీ లోతు పెరుగుతుంది గానీ ఒక హద్దు దాకానే, ఆ తర్వాత ఇంకో యాభై అడుగులు వదిలినా అడుగూ రెండడుగులే దిగుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అందుకే రీలుకు లైన్ కౌంటర్ ఉండాలి, ఎన్ని అడుగులు పోయిందో అంకె చూపించేది. రంగుల ఎరల మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టు అని మావాడికి గట్టిగా చెప్పాను. ఒక రాడ్‌కు చేప తగిలిందనుకో, కౌంటర్ మీద 94 అని ఉందనుకో, ఇంకో రాడ్‌ను కూడా 94కు పెట్టేయొచ్చు. కౌంటర్ లేకపోతే తగిలిన చేప నీకేమీ నేర్పకుండా పోతుంది. నార్త్ డకోటాలో మంచు లేనప్పుడు మనిషికి రెండు గాలాలు వేసుకోనిస్తారు కాబట్టి ఒకటి ఎక్కువ లోతుకు, ఒకటి తక్కువ లోతుకు పెట్టి మొదలుపెట్టడం మేలు. పక్కనే మిన్నెసోటాలో అయితే ఒక్కటే. లైసెన్స్ ముందే తీసుకో, ఇక్కడిలాగా ఎవడు చూస్తాడులే అంటే కుదరదు.

వేగం. వసంతంలో నీళ్లు చల్లగా ఉన్నప్పుడు గంటకు రెండు కిలోమీటర్లు, మహా అయితే రెండున్నర. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే మూడున్నర, నాలుగు. అంటే మనం నింపాదిగా నడిచే నడక కన్నా ఎక్కువేం కాదు. పెద్ద ఇంజిన్‌తో ఇంత మెల్లగా పోవడం కష్టం, అందుకే పడవ వెనకాల చిన్న మోటార్ ఇంకోటి ఉంటుంది, లేదా ముందు కరెంటు మోటార్. జీపీఎస్‌లో అంకె చూస్తూ పోవాలి, గాలికి ఎదురుగా పోతున్నప్పుడు ఒకలా, గాలి తోస్తున్నప్పుడు ఒకలా ఉంటుంది కాబట్టి చేత్తో అంచనా వేస్తే తప్పుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చే సంగతి మలుపులు. తిన్నగా గీత గీసినట్టు పోవద్దు, పాములా మెలికలు తిరుగుతూ పో. పడవ ఎడమకు తిరిగితే ఎడమ పక్క ఎర నెమ్మదిస్తుంది, కుడి పక్కది వేగం అందుకుంటుంది. తిరిగిన ప్రతిసారీ బయటివైపు రాడ్‌కే చేప తగులుతుంటే చేపలకు వేగం కావాలని అర్థం, మోటార్ కాస్త పెంచు. లోపలివైపు దానికి తగిలితే తగ్గించు. చేపనే అడిగి తెలుసుకున్నట్టు, పైసా ఖర్చు లేదు.

రాడ్ హోల్డర్‌లో పెట్టాక చాలామంది ఫోన్ తీస్తారు. చూడాల్సింది రాడ్ కొసను. ఎర సరిగ్గా పనిచేస్తుంటే కొస సన్నగా, ఒకే లయలో అదురుతూ ఉంటుంది, కుట్టుమిషన్ నడుస్తున్నప్పుడు బల్ల అదిరినట్టు. ఆ అదురు ఉన్నట్టుండి మందగించి కొస కొంచెం వంగి బరువుగా నిలబడిపోయిందంటే ముల్లుకు నాచు పట్టింది. అట్లాగే ఈడ్చుకుపోతే అరగంటైనా గంటైనా ఏమీ రాదు, నాచు వేలాడే ఎరను వాలై ముట్టదు. కొస టక్ టక్‌మని ఆగి ఆగి కొట్టుకుంటుంటే ఎర అడుగుకు తగులుతోంది, రెండు మూడు చుట్లు చుట్టాలి. చేప పడితే వేరే, రాడ్ మొత్తం వెనక్కి వంగుతుంది, అది నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్త ఎరను వదిలే ముందు పడవ పక్కన ఆరేడు అడుగుల దారం మీద ఒకసారి లాగి చూడు. తిన్నగా రావాలి. కుడికి పోతుంటే ఎర మూతి నీవైపు పెట్టుకుని, దారం కట్టే తీగ కొక్కేన్ని పట్టకారుతో ఎడమకు వెంట్రుకవాసి వంచు. ఎడమకు పోతుంటే కుడికి వంచు. గట్టిగా వంచితే ఊడొస్తుంది. డబ్బాలోంచి తీసిన కొత్తవి కూడా వంకరగా పోయేవి ఉంటాయి. వంకర ఎర లోతుకు దిగదు, పక్క దారంతో మెలికపడుతుంది, ఆ చిక్కు విప్పుకోవడానికి సాయంత్రం సరిపోతుంది.

జూలై, ఆగస్టుల్లో ఆట మారుతుంది. ఆ రిజర్వాయర్లలో వాలైకి ఇష్టమైన మేత స్మెల్ట్ అనే చిన్న వెండి చేప. దానికి చల్ల నీళ్లు కావాలి, పైన వేడెక్కేకొద్దీ కిందికి పోతుంది, దాని వెంట పెద్ద వాలైలు కూడా. అంత లోతుకు మామూలు దారం మీద క్రాంక్‌బైట్ చేరదు. అప్పుడు లెడ్‌కోర్ వాడతారు, లోపల సన్నటి సీసం తీగ, పైన అల్లిన దారం. పది గజాలకోసారి దాని రంగు మారుతుంది, అక్కడివాళ్లు అడుగులు చెప్పుకోరు, "ఐదు రంగులు వదిలా, ఏడు రంగులు వదిలా" అంటారు. రంగు రంగు అని అడిగేవాళ్లకు నేను చెప్పే రంగు ఇదొక్కటే. లెడ్‌కోర్‌తో ఒక జాగ్రత్త: మామూలు దారం మీద ఎర లోతు వేగాన్ని బట్టి పెద్దగా మారదు, సీసం మాత్రం వేగం తగ్గగానే దిగిపోతుంది, పెంచగానే లేస్తుంది. మలుపులో లోపలివైపు లెడ్‌కోర్ అడుగుకు కూలబడి ఏ చెట్టు మొద్దుకో చిక్కుకోవడం మామూలే. అక్కడ మలుపులు వెడల్పుగా తిప్పాలి.

ఇంకో మాట, ముప్పై అడుగుల కన్నా కింది నుంచి లాగిన చేప పైకొచ్చేసరికి దాని గాలితిత్తి ఉబ్బిపోతుంది, నీళ్లలో వదిలినా చాలావరకు బతకదు. ఫొటో తీసుకుని వదిలేస్తా అనుకునేవాడు లోతులో పట్టకూడదు. తినడానికి కావాల్సినన్ని పట్టుకుని గాలం చుట్టేయాలి.

రంగును మరీ తీసిపారేశానని అనుకుంటారేమో, అదేం లేదు. లోతు కుదిరి, వేగం కుదిరి, సోనార్‌లో చేపలు కనపడుతూ కూడా తగలకపోతే అప్పుడు మార్చు. బురద నీళ్లకు నారింజ, చిలకపచ్చ లాంటి కొట్టొచ్చే రంగులు, తేట నీళ్లకు వెండి రంగు. ఇంతకు మించి నాకు నమ్మకం లేదు. ఆ గోడ మీద వేలాడే వంద రంగుల్లో సగం మన జేబు కోసం వేసినవే.

ఇది చదివి తిరుపతిలో ఆన్‌లైన్‌లో క్రాంక్‌బైట్లు తెప్పించుకునే తమ్ముళ్లకు: కొరమీను కోసం చెరువు కలుపులో వీటిని విసరొద్దు. రెండు చోట్ల మూడేసి ముళ్లుంటాయి, మొదటి విసురుకే తీగల్లో చిక్కి ఐదారు వందలు నీళ్లపాలు. దానికి కప్ప ఆకారంలో ఉండే రబ్బరు ఎరే మంచిది, ముళ్లు ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి కలుపు మీద నుంచి జారిపోతుంది. పెద్ద డ్యాముల్లో ఇంజిన్ పడవతో ఈడుస్తామంటే అది వేరే కథ, మన దగ్గర చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సొసైటీలదో, పాట పాడుకున్నవాళ్లదో ఉంటుంది, వాళ్లను అడగకుండా దిగితే గొడవే.

మావాడు చివర్లో అడిగింది వండటం గురించి. వాలై మాంసం తెల్లగా, మెత్తగా, ముళ్లు తక్కువగా ఉంటుంది. చింతపండు పులుసులో వేస్తే ఉడికేసరికి విడిపోయి ముక్క దొరకదు. ఉప్పు, కారం, కొంచెం బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించుకుంటే దానికి సాటి లేదు. సంగటిలోకి పులుసే కావాలంటే ఆ నీళ్లలోనే ఛానల్ క్యాట్‌ఫిష్ కూడా ఉంటుంది, అది పట్టుకోరా అన్నాను. దానికి క్రాంక్‌బైట్ అక్కర్లేదు, మామ వానపాము చాలు.