ఫ్యాన్ తిరగగానే పడిపోయే టెంపరేచర్

ఆదివారం, రాత్రి పది దాటింది.

వారం రోజులుగా వేధించిన చిక్కు ఇవాళ విడింది. వివరాలు మర్చిపోకముందే రాసుకోవాలి.

బండి ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరిగేలా) వదిలేస్తే రేడియేటర్ ఫ్యాన్ ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అంటూ క్షణం నిలకడ లేకుండా కొట్టుకునేది. ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్, అదే రిలే, టక్ టక్‌మంటుంటే నాకు టెన్షన్. కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి బయటిది పెట్టుకున్నాక సెట్టింగులన్నీ నా చేతిలోవే: 95 డిగ్రీల దగ్గర ఫ్యాన్ ఆన్, 90కి ఆఫ్. ఈసీయూ రికార్డు చేసిన లాగ్ తెరిస్తే కూలెంట్ టెంపరేచర్ గీత రంపం పళ్ళలా ఉంది. 95, ఠక్కున 86, మళ్ళీ 95. అన్ని లీటర్ల నీళ్ళు రెప్పపాటులో తొమ్మిది డిగ్రీలు చల్లారడం జరగని పని. అంటే ఇంజన్ చల్లబడటం లేదు, లెక్క తప్పుతోంది.

ముందు అనుమానం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మీదకే వెళ్ళింది. పొద్దున్నే విప్పి మూడు చోట్ల కొలిచాను. నలగ్గొట్టిన ఐసు, కాసిని నీళ్ళు కలిపిన గిన్నెలో 9,390 ఓమ్‌లు. గది వేడిలో, 27 డిగ్రీల దగ్గర, 2,560. మరుగుతున్న నీళ్ళలో 180 చిల్లర. గిన్నె అడుగుకు తగిలితే రీడింగ్ చెడుతుందని దారంతో కట్టి నీళ్ళ మధ్యలో వేలాడదీశాను. ఎత్తు మీద ఉన్న ఊళ్ళలో నీళ్ళు వందకంటే ముందే మరుగుతాయి, దాదాపు మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. అది లెక్కలోకి తీసుకోకుండా 100 అని టైపు చేస్తే, ఈసీయూలో ఓమ్‌లను డిగ్రీలుగా మార్చే పట్టిక వేడి వైపు మొత్తం పక్కకు జరుగుతుంది. నా అంకెలు పట్టికతో సరిపోయాయి. సెన్సర్ తప్పేం లేదు.

తిరిగి బిగించి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, లాప్‌టాప్ నుంచే ఫ్యాన్‌ని బలవంతంగా ఆన్ చేశాను. టెంపరేచర్ పడింది. ఆఫ్ చేస్తే లేచింది. ఇంజన్ తిరగకుండానే లోపం కనబడటంతో సగం పని అయిపోయినట్టే అనిపించింది. ఇగ్నిషన్ నుంచి, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే గోల ఏదీ కారణం కాదని తేలిపోయింది.

ఆ తర్వాత మిగతా సెన్సర్లను ఒక్కొక్కటిగా చూశాను. థ్రాటిల్ సెన్సర్ మూసినప్పుడు 0.5 వోల్టుల దగ్గర ఉంటుంది, ఫ్యాన్ తిరిగినా మిల్లీవోల్టు కదల్లేదు. ఇంజన్‌లోకి వెళ్ళే గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్, ఇంజన్ తిరగడం లేదు కాబట్టి, బయటి గాలి పీడనం చూపిస్తూ నిశ్చలంగా ఉంది. గాలి టెంపరేచర్ మాత్రం 40 నుంచి 38.5కి దిగింది. ఇంజన్ నడిపి చూస్తే, గాలి, పెట్రోల్ పాళ్ళు చూపే వైడ్‌బ్యాండ్ గేజ్ మీద 14.7, లాగ్‌లో మాత్రం ఫ్యాన్ తిరిగినప్పుడల్లా 15.0 దాటుతోంది. కదలని రెండిటి ఎర్త్ నేరుగా ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్నుకే వెళ్తుంది. కదిలిన మూడిటి ఎర్త్ వైర్లూ ఇంజన్ హెడ్ పక్కన బ్రాకెట్ బోల్టుకు నేనే బిగించాను. అదే లగ్ (వైర్ల కొసన బోల్టు కింద బిగించే లోహపు రింగు) మీద ఫ్యాన్ ఎర్త్ కూడా ఉంది!

మీటర్ నల్ల ప్రోబ్ ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్ను మీద, ఎర్ర ప్రోబ్ ఆ లగ్ మీద పెట్టి ఫ్యాన్ ఆన్ చేస్తే 0.12 వోల్టులు. ప్రోబ్‌ని వేలెడు దూరం జరిపి హెడ్ లోహాన్నే తాకిస్తే సున్నా. బోల్టు విప్పి చూశాను. బ్రాకెట్ మీద నల్ల పెయింట్ అలాగే ఉంది, లగ్ అంచు దగ్గర గోరంత చోట మాత్రమే అరిగి లోహం మెరుస్తోంది. ఫ్యాన్ లాగే 15 ఆంపియర్లూ ఆ గోరంత చోటు నుంచే పోవాలి. 0.12 వోల్టులు తేలడానికి 8 మిల్లీ ఓమ్‌లు చాలు.

మరి అదే 0.12 ఒకచోట తొమ్మిది డిగ్రీలు, ఇంకోచోట ఒకటిన్నర డిగ్రీ ఎలా అయిందన్నది కాసేపు అర్థం కాలేదు. కాగితం మీద వేసి చూస్తే గానీ తేలలేదు. ఈసీయూ లోపల 2,490 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు ఇస్తుంది. 40 డిగ్రీల దగ్గర సెన్సర్ వోల్టేజ్ డిగ్రీకి 50 మిల్లీవోల్టుల చొప్పున మారుతుంది. 95 దగ్గర డిగ్రీకి 11 మాత్రమే. ఇంజన్ వేడెక్కే కొద్దీ ఈ సెన్సర్ గొంతు సన్నబడుతుంది, చిన్న ఎర్త్ లోపం కూడా దాన్ని మింగేస్తుంది. ఎర్త్ పైకి లేస్తే వోల్టేజ్ పెరుగుతుంది, ఈసీయూ దాన్ని చల్లదనం అనుకుని ఫ్యాన్ ఆపేస్తుంది. ఫ్యాన్ ఆగగానే ఎర్త్ సర్దుకుంటుంది, మళ్ళీ 95. అదీ ఆ టక్ టక్ కథ.

సాఫ్ట్‌వేర్‌లో ఆన్, ఆఫ్‌ల మధ్య తేడా పదిహేను డిగ్రీలు చేస్తే చప్పుడు ఆగిపోయేదే. మొన్న చేయబోయి ఆగాను, ఆగడమే మంచిదైంది. ఆ పని చేసి ఉంటే వైడ్‌బ్యాండ్ అబద్ధం అలాగే ఉండిపోయేది.

పెయింట్ గీకి, లోహం తళతళలాడేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్ది ఫ్యాన్ ఎర్త్ ఒక్కటే అక్కడ బిగించాను. రెండు టెంపరేచర్ సెన్సర్ల ఎర్త్‌లూ, వైడ్‌బ్యాండ్ సిగ్నల్ ఎర్త్ వైరూ ఈసీయూ పిన్నుకు లాగాను. కనెక్టర్ దగ్గర చెయ్యి పట్టక రెండు గంటలు పట్టింది. సాయంత్రం ఇంజన్ వేడెక్కాక పక్కనే నిలబడి చూశాను. 95కి ఫ్యాన్ అందుకుంది. 94, 93... మెల్లగా దిగి, 90 దగ్గర ఆగింది. రిలే ఒక్కసారే టక్‌మంది.

ఇంకో పని మిగిలింది. ఈ వారమంతా లాగ్‌లో లీన్ (పెట్రోల్ తక్కువ) అని కనబడితే నమ్మి, ఈసీయూ పెట్రోల్ పట్టికలో ఐడిల్ దగ్గరి గడుల్లో రెండు మూడు శాతం పెట్రోల్ పెంచాను. రేపు ఆ గడుల్లో పాత అంకెలు తిరిగి వేసి, కోల్డ్ స్టార్ట్ నుంచి కొత్త లాగ్ తీయాలి.