వేలు పడని రోజు

మంగళవారం రాత్రి, నల్లగొండ.

పొద్దున ఏడున్నరకే అమ్మతో కలిసి రేషన్ షాపుకు పోయాను. ఎండ ముదరకముందే తెచ్చుకుందామని ఆమే తొందరపెట్టింది. గంట నిలబడ్డాక మా వంతు వచ్చింది. అమ్మ కుడి బొటనవేలు మిషన్ మీద పెట్టింది. పడలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. "జర గట్టిగ ఒత్తమ్మా" అన్నాడు డీలర్. ఎడమ బొటనవేలు, తర్వాత రెండు చూపుడువేళ్లు. ఊహూ. "వేలు పడ్తలేదా? జర్ర తడి చేస్కో పెద్దమ్మా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. చివరికి ఎడమ చేతి ఉంగరపు వేలు పడింది. మనిషికి 6 కిలోల లెక్కన ఇద్దరికి 12 కిలోల సన్న బియ్యం సంచిలో పోయించుకుని ఇంటికొచ్చాం.

అమ్మకు ఇది కొత్త కాదు. ప్రతి రెండు మూడు నెలలకోసారి అయ్యేదే. నాకే మనసు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు నాట్లేసి, బత్తాయి తోటలకు కూలికి పోయి, పత్తి ఏరిన వేళ్లవి. పత్తి ఏరడం అంటే చూసేవాళ్లకు మెత్తటి పని అనిపిస్తుంది గానీ, ఎండిన కాయ డొప్పల మొనలు గోటి పక్కనే గుచ్చుకుంటాయి. సీజన్ అయ్యేసరికి వేలి కొసలు గరుకు కాగితంలా తయారవుతాయి.

రేపు పీజీ పిల్లలకు కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ మీద పాఠం చెప్పాలి. కథలు కాదు, ఆ కథల మీద పండితులు చేసిన ఆలోచనలు. నా థీసిస్ కూడా దాని మీదే. మధ్యాహ్నం నోట్సు ముందేసుకుంటే, 1887లో వచ్చిన మొదటి నవల "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్"లోని ఒక చోటు కళ్ల ముందు నిలబడింది. అందులో హోమ్స్ ఒక వ్యాసం రాస్తాడు. గోళ్లు, కోటు చేతులు, బూట్లు, ప్యాంటు మోకాళ్లు, బొటనవేలి మీద చూపుడువేలి మీద కాచిన కాయలు చూసి మనిషి ఏం పని చేస్తాడో చెప్పొచ్చు అంటాడు. ఎన్నిసార్లు చదివానో. ఇవాళ చదువుతుంటే మాత్రం అమ్మ బొటనవేలే కనబడింది. ఆ వేలు ఎవరిదో మిషన్ పోల్చుకోలేకపోయింది. అదే వేలు హోమ్స్ చేతిలో పెడితే ఆమె బతుకంతా చదివేవాడు.

హోమ్స్ మీద పాండిత్యం ఒక ఆటలా మొదలైంది. 1911లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన ఒక ప్రసంగం చేశాడు. ఈ కథల్ని మతగ్రంథాలను పరిశీలించినంత శ్రద్ధగా పరిశీలించాడు. ఆ దారిలోనే తర్వాతివాళ్లు హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కు తూటా దెబ్బ భుజానికా కాలికా అని తర్కించారు. ఒక నవలలో భుజం, ఇంకో నవలలో కాలు మరి. పిల్లలకు ఇది హుషారుగా ఉంటుంది, అందుకే పాఠం దీంతోనే మొదలుపెడతాను. నా ప్రాణం మాత్రం కార్లో గింజ్‌బర్గ్ దగ్గర ఉంది.

ఈయన ఇటలీ చరిత్రకారుడు. ఆనవాళ్ల మీద 1979లో ఒక వ్యాసం రాశాడు. అందులో ముగ్గుర్ని పక్కపక్కన కూర్చోబెట్టాడు: చిత్రకళా నిపుణుడు మోరెల్లి, మనసు డాక్టరు ఫ్రాయిడ్, హోమ్స్. బొమ్మ ఎవరు వేశారో తెలియాలంటే ముఖం వైపు చూడొద్దు, చెవి తమ్మె, గోళ్లు ఎలా గీశారో చూడమన్నాడు మోరెల్లి. ఎవరూ పట్టించుకోని చోటే చేతివాటం బయటపడుతుందని. మోరెల్లి, ఫ్రాయిడ్, హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్, ముగ్గురూ వైద్యం చదివినవాళ్లే. లక్షణం చూసి రోగం చెప్పే విద్య అది. అయితే గింజ్‌బర్గ్ అక్కడ ఆగలేదు. ఈ విద్యకు మూలం అడుగుజాడలు చూసి జంతువు ఎటు పోయిందో చెప్పిన వేటగాళ్ల దగ్గర ఉందన్నాడు. అంటే పుస్తకం ముట్టనివాళ్ల చదువు. అచ్చంపేట వైపు నల్లమలలో చెంచులు చదివే చదువు.

వేలిముద్రల సంగతి కూడా అదే వ్యాసంలో ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు కంకర కాంట్రాక్టు కోసం రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి తయారు చేశారు. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీకి దక్కింది. 1901లో అది లండన్ పోలీసులకు చేరింది. రెండేళ్లకే, 1903లో, "నార్‌వుడ్ బిల్డర్" కథలో గోడ మీద నెత్తుటి బొటనవేలి ముద్ర కనిపిస్తుంది. పోలీసాయన కేసు అయిపోయిందంటాడు. హోమ్స్ నమ్మడు. నిన్న తాను వెతికినప్పుడు ఆ గోడ మీద ముద్ర లేదు. లక్క మీద పడ్డ ముద్రను ఎత్తి ఎవరో అక్కడ వేశారు. ముద్ర నిజంగా పోలీసులు పట్టుకున్న కుర్రాడిదే, నేరం ఆ కుర్రాడిది కాదు. ఈ కథ రేపు తప్పకుండా చెప్పాలి.

నాకు హోమ్స్ మీద కోపం వచ్చే చోటు కూడా చెప్పాలి. "ది సైన్ ఆఫ్ ఫోర్"లో చిన్న పాదం ముద్ర చూసి, బూటు ఎరగని వేళ్లు అని ఎంత చక్కగా పోలుస్తాడో! ఆ పాదం అండమాన్ మనిషిదని తేల్చడానికి మాత్రం గెజిటీర్ (ప్రాంతాల వివరాలుండే పుస్తకం) తెరిచి, వాళ్లు నరమాంస భక్షకులన్న మాట చదివి వినిపిస్తాడు. అంత చూపున్నవాడు ఆ మనిషి విషయంలో తన కళ్లు మూసుకుని, పాలించేవాళ్ల పుస్తకాన్ని నమ్మాడు. వలస పాలన కోణంలో రాసే విమర్శకులు ఈ కథను నిలదీస్తారు. నేనూ వాళ్ల పక్షమే.

రాత్రి అన్నాలయ్యాక ట్యూబ్‌లైటు కింద అమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూశాను. బొటనవేలి మీద గీతలు మధ్యలో మాసిపోయి, అంచుల్లో మాత్రం ఉన్నాయి. చూపుడువేలి పక్కన అడ్డంగా తెల్లటి గాటు. "గిది కొడవలి" అంది. "గిది నువ్వు పుట్టిన యేడు, కట్టె కొట్టంగ తాకింది." ఒక్కో మచ్చకు ఒక్కో యేడు చెప్పుకుంటూ పోయింది.

తర్వాత నా చెయ్యి లాక్కుంది. మధ్యవేలు మొదటి కణుపు దగ్గర బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇదివరకు ఈడ పెన్ను కాయ ఉండె గద బిడ్డా. మెత్తవడ్డది. రాస్తలేవా?"

థీసిస్ మూడు నెలలుగా ఒక్క పేజీ కదలలేదని అమ్మకు నేను చెప్పలేదు.