బత్తాయి తొక్క వాసన

జ్వరం తగ్గి మూడు వారాలైనా నాకు వాసన తెలియలేదు. తిరగమోత వేసినా, వానకు మట్టి తడిసినా ఏమీ లేదు. నిన్న నల్గొండ దగ్గర మా తోటలో అమ్మ బత్తాయి తొక్కలో గోరు దింపింది. సన్నటి తుంపర నా ముఖాన పడింది. వాసన! పలచగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు, కానీ బత్తాయిదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలిసిందా బిడ్డా?" అంది అమ్మ.

రాత్రంతా ముక్కు గురించే చదివాను. వాసన గ్రాహకాల (ముక్కులో వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్ల) జన్యువులను శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెల్లడించారు, 2004లో నోబెల్ అందుకున్నారు. చిట్టెలుకలో ఆ గ్రాహకాల రకాలు సుమారు 1,000, మనిషిలో పనిచేసేవి 400 వరకు. ఒక్కో నాడీకణంలో సాధారణంగా ఒకే రకం గ్రాహకం ఉంటుంది. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి సంగతి. ఒకే రకం కణాలు ముక్కు లోపలి పొరలో చెల్లాచెదురుగా ఉన్నా, వాటి తంతువులు మెదడు ముందుభాగంలో వాసన సంకేతాలు అందుకునే ఘ్రాణ లంబికలో తమకంటూ ఉన్న కొద్ది చోట్లకే చేరతాయట! బత్తాయిని గుర్తుపట్టాలంటే ఎన్నో రకాలు కలిసి స్పందించాలి. పాత కణాలు పోయి కొత్తవి పుడుతూనే ఉంటాయి, ఆ కొత్త తంతువులు మళ్లీ తమ చోటు వెతుక్కోవాలి. నా ముక్కులో ఇప్పుడు ఆ వెతుకులాటే జరుగుతోందేమో.

పొద్దున్నే అమ్మ ఇంకో నాలుగు కాయలు కోసుకొచ్చింది.